అడుగులో అడుగు

గట్టు కొట్టాల,
జూలై 6.

ఆడబిడ్డ గౌతమికి,

నా నంబరు బ్లాక్ చేశావు. సంతోషం. కండక్టర్ హుసేనప్ప బస్సుకు బ్లాక్ లేదు కదా, అందుకని ఈ ఉత్తరం ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. రోజూ పొద్దున మన కాలువ గట్టు మీది నుంచి బళ్లారి పోయే బస్సే. సత్యనారాయణపేటలో నీ ఆఫీసు మెట్ల మీదే ఇచ్చి వస్తానన్నాడు. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. మీ అన్న యల్లేష్ ఇనుప ఖనిజం మోసే ఓర్ లారీ ఎక్కితే వారానికి గానీ ఇంటికి రాడు. ఆ అర్ధం కూడా అలిగి కూర్చుంటే నేను ఎవరితో పోట్లాడాలి చెప్పు?

కాలువ మీది నడక వంతెన ప్రారంభం రోజు జరిగినదాంట్లో నా తప్పేముంది? రిబ్బను కత్తిరించిన పెద్దమనిషి "ఎవరమ్మా దీన్ని కట్టింది" అని అడిగాడు. మీ అమ్మ నీ పక్కనే నిలబడి కూడా నా చెయ్యి పట్టుకుని పైకెత్తి "నా కోడలు సార్, నా కోడలే కట్టించింది" అంది. నేను చెప్పమన్నానా? నువ్వు ముఖం మాడ్చుకుని, ఒక ముద్ద కూడా తినకుండా బస్సెక్కి పోయావు.

సరే, నా బాధ కూడా విను. మరుసటి రోజు పేపర్లో ఎవరి ఫోటో? "మన జిల్లా ఆడపడుచు గీసిన వంతెన" అని అరచెయ్యంత నీ బొమ్మ. కాంట్రాక్టర్ దగ్గర ఓవర్సీరుగా నాలుగు నెలలు ఎండలో నిలబడి, ఒక్కో బోల్టూ చేత్తో తిప్పి చూసి బిగించినదాన్ని నేను. ఆ ఫోటోలో నా మోచెయ్యి మాత్రం ఉంది, నీ చీర పక్కన. మోచెయ్యిని చూసి మనిషిని గుర్తుపట్టేవాళ్లు ఎవరైనా ఉంటే నాకూ పేరొచ్చినట్టే.

వంతెన బాగానే ఉంది. కాలువ అవతల వెంకటరత్నంగారి వరి క్యాంపులో నారుమళ్లకు మన ఆడవాళ్లు దాని మీదే పోతున్నారు. ఇదివరకు రోడ్డు వంతెన కోసం నాలుగు కిలోమీటర్లు చుట్టు తిరిగేవాళ్లు. లేదంటే ప్రాణం అరచేతిలో పెట్టుకుని తూము గోడ మీద దాటేవాళ్లు.

అత్త అన్నంలోకి గురెళ్ల పొడి పంపింది. డబ్బా నిండా నీకు పెట్టి, గిన్నెకు అంటుకున్నది నాకు ఉంచింది.

ఇట్లు,
మోచెయ్యి గల ఆశ


సత్యనారాయణపేట, బళ్లారి,
జూలై 14.

వదినకు నమస్కారం.

గురెళ్ల పొడి అందింది. నీ కారం కూడా అందింది. నంబరు బ్లాక్ అలాగే ఉండనీ. ఫోన్లో రెండు నిమిషాలకే అరుచుకుంటాం. ఉత్తరంలో అయితే ఒక మనిషి చెప్పేది పూర్తయ్యేదాకా రెండో మనిషి ఆగక తప్పదు.

పాలిటెక్నిక్‌లో ఒకే బెంచీ మీద కూర్చున్నప్పుడు నిన్ను ఆశా అని పిలిచేదాన్ని. మా అన్నను చేసుకుని వదినవయ్యావు. అప్పటినుంచి ఆ ఇంట్లో నాదంటూ ఏమీ మిగలడం లేదు. తలనొప్పికి మాత్ర వేసుకోమన్నా అమ్మ "ఆశ ఏమంటాదో అడిగి ఏసుకుంటా" అంటుంది. కన్నది నన్ను. నీకు ఫోటో మీద కడుపుమంట అయితే నాకు ఆ రోజు అమ్మ ఎత్తిన చెయ్యి మీద. ఉన్న మాట చెబుతున్నాను, నవ్వుకో.

ఇప్పుడు పని సంగతి. వంతెనకు ఉయ్యాలకు ఉన్నట్టే దానిదంటూ ఒక ఊపు ఉంటుంది. మనదానిది సెకనుకు రెండుసార్లు. మనిషి నడక కూడా ఇంచుమించు అంతే, సెకనుకు రెండడుగులు. జనం ఎవరి అడుగు వాళ్లు వేస్తే ఒకరి దెబ్బ ఇంకొకరి దెబ్బను చెరిపేస్తుంది, కాలికి ఏమీ తెలియదు. అందరి అడుగూ ఒక్కసారే పడితే మాత్రం ఉయ్యాలను తోసినట్టే. మా పెద్ద ఇంజనీరు శ్రీమన్నారాయణగారు అప్పుడే అడిగారు. "ఏమ్మా, మరీ ఇంత సన్నగా గీశావు, నడిచేవాళ్లకు ఒళ్లు జలదరించదు కదా?" అన్నారు. "కవాతు చేసే సైనికులు కాదండీ, కూలికి పోయే ఆడవాళ్లు" అన్నాను. లెక్క చూపించాను, ఒప్పుకున్నారు.

నువ్వు రోజూ చూస్తావు. ఊగుతోందని ఎవరైనా అన్నారా? దాచకుండా రాయి. సండూరులో ఓర్ లారీల రోడ్డు మీద స్కూలు పిల్లల కోసం ఒక వంతెన రాబోతోంది. మొదటిది బాగుందని తేలితే అది నాకు ఇస్తారు. లేకపోతే గోపీకృష్ణకు పోతుంది. నాకంటే రెండేళ్లు వెనక చేరినవాడు, అప్పుడే సార్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు.

గౌతమి


గట్టు కొట్టాల,
జూలై 21.

గౌతమికి,

అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఊగడం గీగడం ఏమీ లేదు. బండలాగా ఉంది.

సండూరు అన్నావు. మా పుట్టిల్లు బండ్రి ఆ తాలూకాదే అని గుర్తుందా? బడికి పోతూ ఆ లారీల మధ్య రోడ్డు దాటినదాన్ని నేను. తెల్ల సాక్సు వేసుకుని పోతే సాయంత్రానికి ఓర్ దుమ్ముకు ఎర్ర సాక్సు. మా క్లాసు పిల్ల ఒకతి లారీ కింద పడబోయి, పుస్తకాల సంచి మాత్రం పోయి బతికింది. అక్కడ వంతెన గీసేది మాత్రం నువ్వు. బాగుంది.

స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్‌లో నాకు తొంభై ఒకటి, నీకు డెబ్బై నాలుగు. మరిచిపోయి ఉంటావు, అందుకే రాస్తున్నాను. డిప్లొమా తర్వాత ఇంజనీరింగ్ సీటు ఇద్దరికీ వచ్చింది. నాకు సీటుతో పాటు పెళ్లి కూడా వచ్చింది. మీ అన్న మంచివాడు, అతని మీద నాకే కోపమూ లేదు. ఆ సీటు మీదే ఉంది.

అత్త కులాసా. నీకు చెప్పమన్నదేమీ లేదు.

తొంభై ఒకటి ఆశ


సత్యనారాయణపేట,
ఆగస్టు 2.

వదినా,

నువ్వెంత తిట్టినా ఆ "బండలాగా ఉంది" అన్న ఒక్క మాటకు అన్నీ మాఫీ. ఆ ముక్క సార్‌కు చదివి వినిపించాను. "మా వదిన నాకు శత్రువండీ, తప్పుంటే వదిలే మనిషి కాదు" అన్నాను. నవ్వారు. రోజూ చూసే ఓవర్సీరు మాట అని రిపోర్టులో రాయించి, కింద నా సంతకం పెట్టించారు. సండూరు పని నాకే ఇచ్చారు!

గీత మొదలుపెట్టాను. మనదాని లెక్కే, ఇంకాస్త పొడుగు, ఇంకాస్త సన్నం. స్కూలు వాళ్లతో మాట్లాడాను. డ్రిల్ మాస్టారు పిల్లలందరినీ వరసగా నిలబెట్టి దాటిస్తాడట, ఎవరూ తప్పిపోకుండా. ముచ్చటేసింది.

అమ్మకు పంపిన ఆకుపచ్చ చీర నువ్వు కట్టుకున్నావట, అన్న చెప్పాడు. అడిగితే ఇంకోటి పంపేదాన్ని కదా. కట్టుకో. సండూరు ఇచ్చిన సంతోషంలో ఉన్నాను, చీర గురించి కొట్లాడే ఓపిక లేదు.

నీ గౌతమి


గట్టు కొట్టాల,
ఆగస్టు 19.

గౌతమీ,

మొన్న నువ్వు ఆస్పత్రికి వచ్చావు. మంచానికి అటు నువ్వు, ఇటు నేను. చెయ్యి ఎట్లా విరిగిందని అడిగితే అత్త "జారి పడితి" అంది. అది అబద్ధం. నీ మనసు నొచ్చుకుంటుందని చెప్పింది. నిజం తెలిసిన నేను దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను. ముఖాన చెప్పే ధైర్యం లేకపోయింది, అందుకే రాస్తున్నాను.

వంతెన ఊగుతుంది. ప్రారంభమైన మూడో రోజే నాకు తెలుసు.

ఆ పొద్దున నేను వంతెన నడిమధ్యలో నిలబడి ఉన్నాను. కూలి ఆడవాళ్లు ఇరవైనాలుగు మంది, ముందర ఉచ్చంగెమ్మ, ఒకరి వెనక ఒకరు వచ్చారు. వాళ్లు నడిమికి వచ్చేసరికి నా అరికాళ్లు జిల్లుమన్నాయి. తర్వాత కింద రేకు లేచి పడుతున్నట్టయింది. కడ్డీ పట్టుకున్నాను. వాళ్లు పోయాక బోల్టులన్నీ మళ్లీ చూశాను. ఒక్కటీ వదులు కాలేదు. అంటే తప్పు నాది కాదు, నీ గీతది. గౌతమీ, ఆ నిమిషం నాకు ఎంత హాయిగా అనిపించిందో చెబితే నా ముఖాన ఉమ్మేస్తావు. పెళ్లైన ఆరేళ్లలో అంత హాయి ఎరగను. నీ ఫోటో వేసిన పేపరే నీ తప్పును కూడా అరచెయ్యంత వేస్తుంది, కళ్లారా చూడాలి అనుకున్నాను. బండలాగా ఉందని రాసింది అందుకే.

జనం పేపరుకు పోలేదు. నా మీదికే వచ్చారు. "ఏమ్మే ఆశా, నీ వంతెన ఊగుతాండాది. బోల్టులు బిగించినావా, బొట్టుబిళ్లలు అంటించినావా?" అంది ఉచ్చంగెమ్మ. నా కోడలే కట్టిందని మీ అమ్మ ఊరంతా చాటింది కదా. పేరు నీకు, తిట్లు నాకు. ఇంకా మొండికేశాను. సగం మంది భయపడి మళ్లీ తూము గోడ ఎక్కారు. మూరెడు వెడల్పు గోడ, కింద నిండు కాలువ. అదీ చూస్తూ ఊరుకున్నాను.

పదహారో తేదీ అత్త గోడ మీద ఉన్నవాళ్లను కేకలేసి దించింది. "దిగండే! వంతెన పెట్టుకోని గోడ మీద యాల పోతారు? నేను ముందర నడుస్తా, నా యెనక రాండి" అని తనే ముందు నడిచింది. నడిమికి పోయేసరికి ఊపు ఎక్కువైంది. వెనక ఎవరో "పడిపోతాండాది" అని అరిచారు. తోసుకున్నారు. అత్త కడ్డీకి కొట్టుకుని చేతి మీద పడింది. ఆమె అన్నం డబ్బా కాలువలో కొట్టుకుపోయింది. డబ్బాకు బదులు మనిషే పోయి ఉండొచ్చు. నేను గట్టు మీద నిలబడి చూశాను.

సండూరు గీత ఆపు. నన్ను ఏమైనా అను, ముందు అది ఆపు.

ఆశ


సత్యనారాయణపేట,
ఆగస్టు 22.

ఆశా,

వదినా అని రాయడానికి చెయ్యి రావడం లేదు. రెండు ఉత్తరాలు రాసి చించేశాను. అందులో రాసిన మాటలు అమ్మ విని ఉంటే విరిగిన చేత్తోనే నన్ను కొట్టేది. నీ మాట నమ్మి సంతకం పెట్టాను. మా అమ్మ చెయ్యి విరగ్గొట్టావు. ఇది ఎప్పటికీ మరిచిపోను, మరిచిపోయినట్టు నటించను కూడా.

కానీ నీ ఉత్తరం నాలుగోసారి చదివేటప్పుడు "ఒకరి వెనక ఒకరు" అన్న దగ్గర ఆగిపోయాను. నువ్వు బండ్రిదానివి, మెట్టసీమ మనిషివి, నీకు తెలియదు. నాకు తెలుసు. ఆదివారాలు అమ్మ వెంట నాట్లకు పోయేదాన్ని. గెనెం అంటే మళ్ల మధ్య సన్నని గట్టు, దాని మీదంతా బురద, జారితే మడిలోనే. ముందరి మనిషి కాలు నిలిచిన గుంటలోనే, ఆమె కాలు తియ్యగానే మన కాలు పెట్టాలి. "అడుగులో అడుగెయ్యే పాపా, తప్పితే బురదే" అనేది అమ్మ. గుంపు గుంపంతా ఒకే తాళంలో నడుస్తుంది. గట్టి నేల మీద కూడా ఆ నడక పోదు. వాళ్లకు వేరే నడక రాదు.

కవాతు చేసే సైనికులు కాదండీ అని సార్‌కు చెప్పిన నోరు నాదే. నేను పెరిగిన నడక నాకే గుర్తు రాలేదు ఆశా. పుస్తకంలో ఉన్న మనిషిని లెక్కవేశాను, మా అమ్మను లెక్కవెయ్యలేదు. నీ అబద్ధం కంటే ముందు నా తప్పు ఉంది. అది రాయడం నాకు ఎంత కష్టంగా ఉందో నీకు తెలుసు, నువ్వు సంతోషపడతావని కూడా తెలుసు.

వంతెన పడదు. ఇనుముకు ఏమీ కాదు. కానీ కాలి కింద కదిలితే మనిషి దాని మీద నడవదు, తూము గోడే ఎక్కుతుంది. కాబట్టి నాకు కొలతలు కావాలి. గుంపు నిమిషానికి ఎన్ని అడుగులు వేస్తుందో లెక్కపెట్టు. వణుకు కొలిచే యాప్ ఒకటి ఉంటుంది, పేరు వెనక రాశాను. ఫోన్ నడిమధ్య రేకు మీద పెట్టు. అంతవరకు ఐదుగురికి మించి ఒక్కసారి ఎక్కనివ్వకు. ఈసారి అబద్ధం రాస్తే నీ మీద నేనే పేపరుకు పోతాను.

గౌతమి


గట్టు కొట్టాల,
ఆగస్టు 30.

గౌతమీ,

కొలిచాను. అబద్ధం లేదు. నిమిషానికి నూట ఇరవై అడుగులు, ఒకటి రెండు అటూ ఇటూ. గుంపంతా ఎక్కినప్పుడు వణుకు నీ లెక్కలో రాసినదానికి నాలుగింతలు. కాగితాలు ఇందులోనే పెట్టాను.

అడుగులు తప్పించి నడవమని చెప్పి చూశాను. ఉచ్చంగెమ్మ పది అడుగులు తప్పించి నడిచి, పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నలభై ఏండ్ల నడక పొద్దున్నే మార్చుకోమంటే యాడ అయితాది? నీ వంతెననే మార్చుకోపో" అంది. నిజమే కదా.

నీ ఉత్తరం చదివి సంతోషపడ్డానా అంటే, పడ్డాను. రెండు నిమిషాలు. తర్వాత అత్తకు అన్నం తినిపిస్తుంటే ఒక మాట అడిగాను. "అత్తా, వంతెన నీ కూతురు గీసింది, నేను కట్టించినానని ఊరంతా యాల చెప్తివి?" అన్నాను. ఆమె ఏమందో విను. "పేరు నా బిడ్డది అంటే నలుగురి కండ్లూ దాని మీదే పడతాయి. దానికి సుమ్నే ఊరికే దిష్టి తగుల్తాది, చిన్నప్పటినించి అంతే. నీకేమే, నువ్వు గట్టిదానివి, తట్టుకుంటావు" అంది.

విన్నావా? నా చెయ్యి పైకెత్తింది ముద్దుతో అనుకున్నావు. నీకు తగలాల్సిన దిష్టి నాకు తగలనీ అని ఎత్తింది. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఏడ్చాను. ఆమె చూసి "కారం ఎక్కువైందా" అంది. ఇక నా ముందు అమ్మ చెయ్యి గురించి ఎప్పుడూ మాట్లాడకు.

పనికొచ్చే మాట ఒకటి. మా నాయన శరణప్ప మైన్స్‌లో ఓర్ జల్లెడ పట్టే మిషన్ దగ్గర పని చేసేవాడు. మిషన్ పక్కన మనుషులు నిలబడే ఇనుప అటక పళ్లు కదిలేలా ఊగేదట. అక్కడి ఫిట్టర్ ఒకాయన అటక కింద పాత లారీ స్ప్రింగులకు ఒక ఇనుప దిమ్మె వేలాడదీశాడు. దిమ్మె ఊగింది, అటక ఆగింది. చిన్నప్పుడు నాయన నన్ను తీసుకుపోయి చూపించాడు. మన వంతెన నడుం కింద అట్లాంటిది వేలాడదీస్తే? లెక్క నువ్వు చెయ్యి, నాకు అంత చదువు ఇవ్వలేదు. వేలాడదీసేది నేను. కానీ ఒక షరతు. ఈసారి కాగితం మీద నా పేరు ఉండాలి. మోచెయ్యి కాదు, పేరు.

ఆశ


సత్యనారాయణపేట,
సెప్టెంబర్ 12.

ఆశా,

సార్‌కు అంతా చెప్పాను. తూము గోడ, అమ్మ చెయ్యి, గెనెం నడక, నా సంతకం. అంతా విని "లెక్క తప్పలేదమ్మా. మనుషుల్ని తప్పుగా లెక్కేశావు" అన్నారు. సండూరు పని గోపీకృష్ణకు ఇచ్చేశారు. వాడు నా టేబుల్ మీది కాగితాలు తీసుకుపోతూ "థాంక్స్ అక్కా" అన్నాడు. అక్క అట! చేతిలో స్కేలు ఉంది, కొట్టలేదు.

మీ నాయన చూపించింది మా పుస్తకంలోనూ ఉంది. నాకు ముందు తట్టనందుకు నీ మీద మండింది. నాలుగు వందల కిలోల దిమ్మె కావాలి. దాని బరువుకు స్ప్రింగులు సరిగ్గా ఆరు సెంటీమీటర్లు కుంగాలి, అప్పుడే దాని ఊపు వంతెన ఊపుతో కలుస్తుంది. పక్కన లారీ షాక్ అబ్జార్బరు కట్టు, లేకపోతే దిమ్మె ఊగుతూనే ఉంటుంది. ఎక్కువ తక్కువలకు మూడేసి కిలోల పలకలు వేస్తూ తీస్తూ సరిచూసుకో. బొమ్మ పంపుతున్నాను. సార్ చూసి సంతకం పెట్టారు, కాంట్రాక్టర్‌కు కూడా చెప్పారు.

రిపోర్టు నేనే రాశాను. మొదటిసారి "సైటు సిబ్బంది సూచన మేరకు" అని రాశాను. కొట్టేసి "ఓవర్సీరు సూచన" అని రాశాను. మూడోసారి నీ పేరు రాశాను. మూడు అక్షరాలైనా లేని పేరు, ఎంత బరువో.

దిష్టి సంగతి చదివి నవ్వానో ఏడ్చానో తెలియదు. రెండో పేజీ తడిసింది, అంతే.

గౌతమి


గట్టు కొట్టాల,
అక్టోబర్ 20.

గౌతమీ,

వేలాడదీశాం. కాలువకు నీళ్లు తగ్గించిన వారంలో పని అయింది. కాంట్రాక్టర్ గొణిగాడు, గొణగనీ. మొదట ఐదున్నరే కుంగింది, పన్నెండు పలకలు వేస్తే గానీ ఆరుకు రాలేదు. ఉచ్చంగెమ్మ గుంపును నాలుగుసార్లు అటూ ఇటూ నడిపించాను. నాలుగోసారి ఆమె నడిమధ్య ఆగి, వంగి కిందికి చూసి "ఆ దిమ్మె కుణుస్తాండాది, మనం కుణసడం లేదు" అంది. కుణసడం అంటే ఆడడం, కన్నడం మాట, ఆఫీసులో కూర్చుని మరిచిపోయి ఉంటావు. తూము గోడకు ముళ్లకంప అడ్డం పెట్టించాను. ఇక ఎవరికీ దాని పని లేదు.

అత్తకు ఇంకా కట్టు విప్పలేదు. ఆమె నడిచేదాకా అయిపోయిందని అనను. రిపోర్టు చూశాను. నా పేరు నీ పేరు కంటే చిన్న అక్షరాల్లో ఉంది.

ఆశ


సత్యనారాయణపేట,
నవంబర్ 18.

ఆశా,

దీంతోపాటు ఒక కవరు ఉంది. శ్రీమన్నారాయణగారు నీకు రాసింది. సండూరు వంతెనకు ముందే దిమ్మె పెట్టాలనీ, ఆ పని చూడ్డానికి నువ్వు కావాలనీ. ఉద్యోగం, మా ఆఫీసులోనే. రేపు పొద్దున పదకొండు గంటలకు సండూరులో స్కూలు దగ్గర కలవమన్నారు.

కవరు మీద తేదీ చూడు. నవంబర్ నాలుగు. నా చేతికిచ్చి "మీ వదినకు పంపమ్మా" అన్నారు. పద్నాలుగు రోజులు నా బ్యాగులోనే ఉంది. నా సండూరు. నా చేతుల్లోంచి పోయిన సండూరుకు నువ్వు పోతావు, నేను ఇక్కడ కూర్చుని గోపీకృష్ణ గీతలు దిద్దుతాను. రోజూ కవరు తీసి చూసేదాన్ని, మళ్లీ లోపల పెట్టేదాన్ని. గడువు దాటితే నీది కాకుండా పోతుంది, నేనేమీ చెయ్యనక్కర్లేదు, ఊరుకుంటే చాలు. ఊరుకోవడం ఎంత సులువో, నువ్వు జూలైలో ఎట్లా ఊరుకున్నావో ఇప్పుడు అర్థమైంది.

ఈ రోజు మధ్యాహ్నం హుసేనప్ప అమ్మ దగ్గరి నుంచి గురెళ్ల పొడి తెచ్చాడు. డబ్బా మూత తీస్తే సగమే ఉంది. "కోడలికి సగం తీసిపెట్టిందంట" అన్నాడు. ఆ సగం డబ్బా చూసి సిగ్గేసింది. ఎందుకో అడగకు. ఆయన బస్సు తిరిగి బయలుదేరేలోగా రాస్తున్నాను. పో. ఆలస్యం చెయ్యకు.

గౌతమి


గట్టు కొట్టాల,
నవంబర్ 27.

గౌతమీ,

పద్నాలుగు రోజులు! నీ ఉత్తరం చేతికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళ. తెల్లారి మొదటి బస్సెక్కాను. బళ్లారి దాకా నిన్ను తిట్టుకుంటూ పోయాను. తోరణగల్లు దాటాక తిట్లు అయిపోయాయి. నేను దాచింది యాభై రోజులు, నువ్వు దాచింది పద్నాలుగే. ఈ పరీక్షలో కూడా నాకే ఎక్కువ వచ్చాయి.

పదకొండుకు పది నిమిషాలు ముందే స్కూలు గేటు దగ్గర ఉన్నాను. "ముందు ఏం చేద్దామంటావమ్మా" అని అడిగారు సార్. "పిల్లలు ఎట్లా నడుస్తారో చూద్దాం సార్" అన్నాను. డ్రిల్ మాస్టారు విజిల్ వేశాడు. నూటయాభై మంది ఎడమ, కుడి, ఎడమ, కుడి. గోపీకృష్ణ ముఖం చూడాల్సింది. ఉద్యోగం ఇచ్చారు.

లెక్క గౌతమే చూడాలి సార్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఒక్క రోజైనా ఆ రోడ్డు నాదిగా ఉండనీ అనుకున్నాను. మరుసటి పొద్దున్నే సార్‌కు ఫోన్ చేసి ఆ మాట చెప్పాను. "చూద్దాం" అన్నారు. ఆయన చూద్దాం అంటే ఏమిటో నీకే తెలియాలి. ఇప్పుడైనా నా నంబరు మీది ఆ బ్లాక్ తియ్యి. ఆఫీసులో పక్క కుర్చీలో కూర్చుని ఉత్తరాలు రాసుకుంటే జనం నవ్వుతారు.

అసలు సంగతి ఇది కాదు. సోమవారం అత్త వరికోతకు బయలుదేరింది. వద్దంటే వినలేదు. చెయ్యి సరిగా ముడవలేదింకా, డబ్బా ఎడమచేత్తో పట్టుకుంది. ఉచ్చంగెమ్మను వెనక్కి పొమ్మని తనే ముందు నిలబడింది. వెనక ఇరవై మూడు మంది, అందరి వెనక నేను. అడుగులో అడుగు. నా ప్రాణమంతా ఆమె కాళ్ల కిందే ఉంది. నడిమికి వచ్చి ఆగింది. మడమతో రెండుసార్లు గట్టిగా తొక్కి చూసింది. నడిచి అవతలికి పోయింది.

అవతలి గట్టు మీద క్యాంపు ఆసామి వెంకటరత్నంగారు ఉన్నారు. "ఊగడం ఆగిపోయిందే, ఉరుకుందమ్మా! ఎవరు చేశారండీ ఈ పని, మీ కోడలేనా?" అని అత్తను అడిగారు. నేను పైట సర్దుకున్నాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను, సర్దుకుని, చెయ్యి కూడా కాస్త ముందుకు పెట్టుకున్నాను, పట్టుకుంటుందేమోనని.

అత్త నా వైపు చూడలేదు. "ఏమో సామీ, ఎవురో ఇంజనీర్లంట. మాకేం తెలుసు, నడుస్తాండాం" అని గెనెం మీదికి దిగింది.

నీ పేరు చెప్పలేదు, నా పేరూ చెప్పలేదు. రోజంతా నాకు ఒళ్లు మండుతూనే ఉంది. విరిగిన చేతికి మూడు నెలలు అన్నం తినిపించినదాన్ని, ఒక్క మాటకు పనికిరాకపోయానా అనుకున్నాను. సాయంత్రం ఇంటికొచ్చాక పొయ్యి ముందు కూర్చోమంది. ఉప్పు, ఎండుమిరపకాయలు పిడికిట్లో పట్టుకుని నా తల చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేసింది. ఈ ఇంటికొచ్చిన ఆరేళ్లలో మొదటిసారి. "ఘాటే రాలేదు, చూసినావా? ఎంత దిష్టి ఉండాదో" అంది. నాకు ఆమె ముఖం కనిపించలేదు, కళ్లు నిండిపోయాయి. ఈసారి కారం ఎక్కువైందా అని అడగలేదు.

నీకు కూడా వేరే ఉప్పు తీసి పెట్టింది. ఆదివారం రమ్మంది. వచ్చేటప్పుడు కడుపు మాడ్చుకుని పోవడానికి కాదు, తినడానికి రా.

నాకు తిప్పినవి ఏడు మిరపకాయలు. నీకు తీసి పెట్టినవి ఐదే. లెక్కపెట్టాను.

నీ వదిన,
ఆశ